మీరడిగారు: పరిశోధన వ్యాసం చేతికందేదాకా

ఈసారి ఈ శీర్షిక మొత్తాన్నీ ఒకే విషయానికి కేటాయించాం. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ విద్యార్థులూ, చదువులతో సంబంధం లేని పాఠకులూ అడిగింది దాదాపు ఒకటే: ఆరోగ్యానికి సంబంధించిన నమ్మదగ్గ పరిశోధన వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయి, కాలేజీ లైబ్రరీ అందులో ఎంతవరకు పనికొస్తుంది? ఒక్క మాట ముందే చెప్పాలి. కంప్యూటర్లో వెతికేటప్పుడు పదాలన్నీ ఇంగ్లిషులోనే కొట్టాలి. ఇక్కడ చదవడానికి వీలుగా వాటిని తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను. గర్భిణుల్లో రక్తహీనత మీద ప్రాజెక్టు ఇచ్చారు. గూగుల్ చేస్తే ఆసుపత్రుల ప్రకటనలూ, వీడియోలే వస్తున్నాయి. మా మేడమ్ "స్కాలర్లీ ఆర్టికల్స్ కనీసం పది చూడాలి" అన్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
– నర్సింగ్ విద్యార్థిని, ఎల్బీనగర్

జవాబు: మీ మేడమ్ అడిగినవి, పరిశోధన చేసినవాళ్ళే రాసి, అదే రంగంలోని వేరే నిపుణులు తప్పొప్పులు పరిశీలించాక జర్నల్లో వచ్చిన వ్యాసాలు. ఆ పరిశీలనకే పీర్ రివ్యూ అని పేరు. ఆసుపత్రి వెబ్‌సైట్‌లో డాక్టరుగారి పేరుతో ఉన్న వ్యాసం ఎంత బాగున్నా ఈ లెక్కలోకి రాదు.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక కాయితం తీసుకోండి. "గర్భిణుల్లో రక్తహీనత" అనేది విషయం, ప్రశ్న కాదు. దాన్ని నాలుగు ముక్కలు చేయండి: ఎవరిలో, ఏం ఇస్తే, దేనితో పోలిస్తే, ఏం మారుతుంది? ఉదాహరణకి: హిమోగ్లోబిన్ డెసిలీటరుకి 11 గ్రాముల కన్నా తక్కువున్న గర్భిణులకి, నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తే, మాత్రలతో పోలిస్తే, హిమోగ్లోబిన్ ఎంత పెరుగుతుంది? ఇప్పుడది ప్రశ్న అయింది. ఈ పద్ధతిని లైబ్రరీల్లో పికో అంటారు. వెతికేటప్పుడు నాలుగు ముక్కలూ ఒకేసారి వాడకండి. మొదటి రెండూ చాలు. ఫలితం గురించిన మాటని చాలామంది రచయితలు సారాంశంలో రాయరు. ఆ మాట కూడా చేరిస్తే పనికొచ్చే వ్యాసాలే జారిపోతాయి.

తర్వాత పబ్‌మెడ్ తెరవండి. అమెరికా ప్రభుత్వ నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే సూచిక ఇది. 1997 నుంచి ప్రపంచంలో ఎవరికైనా ఉచితం, లాగిన్ అక్కర్లేదు. ఇందులో 3 కోట్ల 70 లక్షలకి పైగా వ్యాసాల వివరాలున్నాయి. వివరాలూ సారాంశాలే అన్నది గుర్తుంచుకోండి. పూర్తి వ్యాసం వేరేచోట ఉంటుంది, దాని సంగతి తర్వాతి జవాబుల్లో వస్తుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: పూర్తి వాక్యం కొట్టేస్తారు. పబ్‌మెడ్‌కి పదాలు కావాలి. ఒకే అర్థమున్న పదాల మధ్య ఆర్ పెట్టండి, వేర్వేరు ముక్కల మధ్య ఆండ్ పెట్టండి. రెండూ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి, చిన్న అక్షరాల్లో కొడితే వాటిని ఆజ్ఞలుగా తీసుకోదు. ఒక గుంపుకి చెందిన పదాల్ని బ్రాకెట్లలో బంధించండి. ఎందుకంటే పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరసగా చదువుకుంటూ పోతుంది. "ప్రెగ్నెన్సీ ఆండ్ ఐరన్ డెఫిషియెన్సీ ఆర్ అనీమియా" అని బ్రాకెట్లు లేకుండా కొడితే, గర్భిణులకి సంబంధించిన కొన్నిటితోపాటు ప్రపంచంలో రక్తహీనత మీద వచ్చిన ప్రతి వ్యాసమూ వచ్చి పడుతుంది. ముసలివాళ్ళ రక్తహీనత, కిడ్నీ రోగుల రక్తహీనత, అన్నీ. ఆర్‌తో కలిపిన రెండు మాటల చుట్టూ బ్రాకెట్లు పెడితే సమస్య తీరిపోతుంది.

స్పెల్లింగ్ ఇంకో చిక్కు. అనీమియాని అమెరికన్లు ఎన్ తర్వాత ఒక్క ఇ-తో రాస్తారు. బ్రిటిష్ పద్ధతిలో చదువుకున్న మనవాళ్ళు ఎ, ఇ రెండూ కలిపి రాస్తారు. మామూలుగా కొడితే పబ్‌మెడ్ రెండింటినీ తనే కలుపుకుంటుంది. కానీ మీరు కొటేషన్ గుర్తులు పెట్టినా, పదం చివర నక్షత్రం గుర్తు పెట్టినా, శీర్షికలో మాత్రమే వెతకమన్నా ఆ కలుపుకోవడం ఆగిపోతుంది. అప్పుడు రెండు స్పెల్లింగులూ మీరే ఆర్‌తో ఇవ్వాలి. లేకపోతే మన దేశంలో జరిగిన పరిశోధనలే ఎక్కువగా పోతాయి, మీకు కావలసినవి అవే కదా.

పబ్‌మెడ్‌లో మెష్ అని ఒక పదకోశం ఉంది. రచయిత ఏ మాట వాడినా, ఒక విషయం మీద వచ్చిన వ్యాసాలన్నిటికీ ఒకే ముద్ర వేస్తారు. మీ విషయానికి పనికొచ్చే ముద్రలు రెండు: "అనీమియా, ఐరన్-డెఫిషియెన్సీ", "ప్రెగ్నెన్సీ కాంప్లికేషన్స్, హెమటలాజిక్". పబ్‌మెడ్ మొదటి పేజీ కింది భాగంలో మెష్ డేటాబేస్ లింకు ఉంటుంది, అక్కడ చూసుకోవచ్చు. కానీ మెష్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. పబ్‌మెడ్‌లో ఎంచి తీసుకున్న జర్నళ్ళ జాబితాని మెడ్‌లైన్ అంటారు. అందులో లేని జర్నళ్ళ వ్యాసాలు వేరే దారిలో పబ్‌మెడ్‌లోకి వస్తాయి, వాటికి ఈ ముద్ర పడదు. మెష్ పదాన్నీ, మామూలు పదాన్నీ ఆర్‌తో కలిపి వాడడమే సరైన పద్ధతి.

ఫలితాలు వేలల్లో వస్తే ఎడమ పక్కనున్న ఫిల్టర్లు వాడండి. ముందు సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి చేసిన సమీక్ష), మెటా-ఎనాలిసిస్ (ఆ అధ్యయనాల అంకెల్ని కలిపి లెక్కకట్టినది) టిక్ పెట్టి రెండు మూడు మంచి సమీక్షలు పట్టుకోండి. ఒక మంచి సమీక్ష చివర్లో ఇచ్చిన వ్యాసాల పట్టిక మీకు సగం పని తగ్గిస్తుంది. ఆ తర్వాత రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్ (చీటీలు తీసినట్టు మనుషుల్ని గుంపులు చేసి చికిత్సల్ని పోల్చిన పరిశోధన) టిక్ పెట్టండి. ఒక హెచ్చరిక: ఒకసారి పెట్టిన ఫిల్టర్ మీరు తీసేదాకా అలాగే ఉండిపోతుంది. మర్నాడు వేరే విషయం వెతికి "ఏమీ రావట్లేదు" అనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది, పాత ఫిల్టర్ ఏదైనా మిగిలిందా అని. ఫలితాల పైనే ఆ సంగతి కనిపిస్తుంది, క్లియర్ ఆల్ నొక్కితే పోతుంది.

నూట యాభై, రెండొందల దాకా వస్తే భయపడకండి. శీర్షికలు చదువుకుంటూ పోతే గంటలోపు తేలిపోతుంది. పదిలోపే వస్తే మాత్రం ఎక్కడో పదం ఇరుకైపోయిందని అర్థం.

ఇంకొకటి. "మన దేశంలో ఎంతమంది గర్భిణులకి రక్తహీనత ఉంది" అన్న లెక్క కోసం పబ్‌మెడ్‌లో తిరగక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. 2019–21 నాటి అయిదో సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ గర్భిణుల్లో అది 52.2 శాతం. తెలంగాణ అంకెలు విడిగా, జిల్లాలవారీగా కూడా ఉన్నాయి. ప్రాజెక్టు ముందుమాటలో ఎవరో రాసిన వ్యాసంలోంచి ఆ అంకె ఎత్తి రాయకుండా, నివేదికనే తెరిచి చూసి రాయండి.

ప్రశ్న: ప్రభుత్వ వైద్య కళాశాలలో పీజీ చేస్తున్నాను. లైబ్రరీలో తెరుచుకున్న వ్యాసమే హాస్టల్‌కి వచ్చి తెరిస్తే ముప్పై నలభై డాలర్లు కట్టమంటోంది. ఎందుకిలా?
– పీజీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కట్టకండి. మీ కాలేజీకి ఆ హక్కు ముందే ఉంది. పబ్లిషర్ వెబ్‌సైట్ మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టదు, మీరు వాడుతున్న ఇంటర్నెట్ చిరునామాతో, అంటే ఐపీ అడ్రసుతో గుర్తుపడుతుంది. కాలేజీ నెట్‌వర్క్ చిరునామా వాళ్ళ జాబితాలో ఉంటుంది, హాస్టల్ నెట్ వేరే కంపెనీదైతే ఉండదు. లైబ్రరీలోనే కూర్చుని ఫోన్ తెరిచినవాళ్ళకి కూడా డబ్బు అడుగుతుంటుంది. కారణం, ఫోన్ కాలేజీ వైఫైలో కాకుండా సిమ్ డేటాలో ఉండడం. ముందు అది సరిచూసుకోండి.

బయటి నుంచి తెరవాలంటే లాగిన్ కావాలి. దేశంలోని ప్రభుత్వ విద్యాసంస్థల కోసం కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 జనవరి నుంచి అమలవుతోంది. మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 పెద్ద పబ్లిషర్లు, 13,000 దాకా జర్నళ్ళు, 6,300కి పైగా సంస్థలు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, బీఎంజే, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఇందులో ఉన్నాయి. దీన్ని సమన్వయం చేసేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం. ఇంటి నుంచి వాడుకోవడానికి ఆ కేంద్రమే ఇన్‌ఫెడ్ అనే లాగిన్ వ్యవస్థ నడుపుతోంది.

మీరు చేయాల్సింది ఇది. లైబ్రేరియన్‌గారిని కలిసి "ఇన్‌ఫెడ్ లాగిన్ కావాలి" అని అడగండి. కాలేజీ మెయిల్ ఐడీ ఉంటే పని తొందరగా అవుతుంది. లాగిన్ వచ్చాక గూగుల్ నుంచి నేరుగా వ్యాసం పేజీకి వెళ్ళకండి. పబ్లిషర్ పేజీలో "ఇన్‌స్టిట్యూషనల్ లాగిన్" లేదా "యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్" అన్నచోట నొక్కి, ఫెడరేషన్ పేరు అడిగితే ఇన్‌ఫెడ్ ఎంచుకుని, కాలేజీ పేరు వెతకండి. పేరు దొరకకపోతే చాలాసార్లు కారణం చిన్నదే. కాలేజీ పేరు నమోదైన రూపం వేరు, మీరు కొట్టే రూపం వేరు. ఊరి పేరు కొట్టి చూడండి.

లాగిన్ ఎవరికీ ఇవ్వకండి. ఒక జర్నల్ సంచికలన్నీ ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక్కసారిగా దించుకోకండి. పబ్లిషర్ అది గమనిస్తే ఆపేది మీ ఒక్కరి ఖాతానే కాదు, మొత్తం కాలేజీది. పరీక్షల ముందు, థీసిస్ గడువుల ముందు అలా జరిగితే వందలమంది ఇబ్బంది పడతారు.

ప్రశ్న: మాది ప్రైవేటు ఫిజియోథెరపీ కాలేజీ. లైబ్రరీలో పుస్తకాలున్నాయి గానీ ఆన్‌లైన్ జర్నళ్ళు లేవు. మేమేం చేయాలి?
– విద్యార్థులు, మేడ్చల్

జవాబు: పైన చెప్పిన పథకం ప్రస్తుతం ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కాలేజీలవాళ్ళు అందులో లేకపోవడం పెద్ద లోటేనని మా అభిప్రాయం, ఎందుకంటే రేపు రోగుల్ని చూసేది ఈ పిల్లలు కూడా. అయినా దారులున్నాయి. వాటిని ఒక వరసలో ప్రయత్నిస్తే, డబ్బు పెట్టకుండానే చాలా వ్యాసాలు చేతికొస్తాయి.

మొదటిది పీఎంసీ, అంటే పబ్‌మెడ్ సెంట్రల్. 2000లో మొదలైంది. ఇందులో పూర్తి వ్యాసాలే ఉంటాయి, అన్నీ ఉచితం. పబ్‌మెడ్ ఫలితాల్లో వ్యాసం వివరాల కింద "ఫ్రీ పీఎంసీ ఆర్టికల్" అని ఉంటే అది ఇక్కడుందన్నమాట. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులతో జరిగిన పరిశోధన అయితే, 2025 జులై 1 తర్వాత ప్రచురణకి ఒప్పుకున్న వ్యాసాలు అచ్చయిన వెంటనే ఇక్కడ పెట్టాలి. అంతకు ముందువాటికి ఏడాది దాకా ఆలస్యం ఉండేది. కాబట్టి పాత వ్యాసం మొన్న దొరకలేదంటే ఇవాళ దొరకొచ్చు, మళ్ళీ చూడండి. ఒక్కోసారి అక్కడుండేది పబ్లిషర్ అచ్చువేసిన రూపం కాదు, రచయిత ఇచ్చిన ప్రతి. పీర్ రివ్యూ అయిన తర్వాతి విషయమే గానీ పేజీ నంబర్లు మారతాయి. మీ ప్రాజెక్టులో అచ్చయిన సంచిక పేజీ నంబర్లే రాయాలి.

"ఫ్రీ ఫుల్ టెక్స్ట్" ఫిల్టర్ని మాత్రం మొదట్లోనే పెట్టకండి. ఉచితంగా దొరికేవి మాత్రమే చూస్తే, మీ విషయంలో అసలైన పెద్ద పరిశోధన ఏదో మీకు తెలియకుండానే పోతుంది. ముందు అన్నీ చూసి, ఏవి కావాలో రాసుకుని, ఆ తర్వాత వాటి కోసం వెతకండి.

పీఎంసీలో లేకపోతే వ్యాసం శీర్షికని కొటేషన్ గుర్తుల్లో పెట్టి గూగుల్ స్కాలర్‌లో కొట్టండి. కుడి పక్కన పీడీఎఫ్ లింకు కనిపిస్తే సరే. లేకపోతే కింద "ఆల్ వెర్షన్స్" నొక్కండి. రచయిత పనిచేసే యూనివర్సిటీ తన దగ్గర పెట్టుకున్న ప్రతి అక్కడ బయటపడుతుంది. కంప్యూటర్లో అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న ప్రతి ఉంటే పేజీ పక్కన పచ్చ తాళం గుర్తు చూపిస్తుంది.

అదీ కాకపోతే రచయితకే రాయండి. చాలామంది సంకోచిస్తారు, సంకోచించాల్సిన పని లేదు. కరెస్పాండింగ్ ఆథర్ మెయిల్ సారాంశం దగ్గరే ఉంటుంది. నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, ఏం చదువుతున్నారు, ఏ వ్యాసం కావాలి, ఎందుకు. వ్యాసం పూర్తి పేరు, సంవత్సరం తప్పకుండా రాయండి.

ఇక లైబ్రరీ దారి. ప్రైవేటు కాలేజీల్లో కొన్ని, లైబ్రరీలన్నీ కలిసిన డెల్‌నెట్ అనే నెట్‌వర్క్‌లో సభ్యులు. లైబ్రేరియన్‌గారిని "మనది డెల్‌నెట్ సభ్యత్వమా? డాక్యుమెంట్ డెలివరీ ఉందా?" అని అడగండి. ఉంటే వేరే లైబ్రరీ నుంచి వ్యాసం తెప్పిస్తారు. అడిగేటప్పుడు "రక్తపోటు మీద ఏదైనా" అని అడగకూడదు. రచయితల పేర్లు, వ్యాసం శీర్షిక, జర్నల్ పేరు, సంవత్సరం, సంపుటం, సంచిక, పేజీలు, డీఓఐ, పబ్‌మెడ్ నంబరు, ఇవన్నీ ఒక చీటీ మీద రాసివ్వండి. డీఓఐ అనేది ఒక వ్యాసానికి ఉండే శాశ్వత సంఖ్య, ఎప్పుడూ 10తో మొదలవుతుంది. డీఓఐ డాట్ ఆర్గ్ పక్కన ఏటవాలు గీత (/) పెట్టి ఆ సంఖ్య అతికిస్తే వ్యాసం పేజీకి తీసుకెళ్తుంది. "దొరకలేదు" అని వస్తే సంఖ్య చివర చూడండి, వాక్యం చివరి ఫుల్‌స్టాప్ కూడా కాపీ అయిపోయి ఉంటుంది.

పెద్ద ప్రభుత్వ సంస్థల లైబ్రరీల్లో కూర్చుని చదువుకోవడానికి బయటి విద్యార్థులకి అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆ సంస్థ ఇష్టం. వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కోండి. ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం, కాలేజీ ఐడీ, కావలసిన వ్యాసాల పట్టిక వెంట తీసుకెళ్ళండి. పట్టిక లేకుండా వెళ్తే ఆ రోజంతా వెతకడానికే సరిపోతుంది.

ప్రశ్న: గూగుల్ స్కాలర్ ఒక్కటీ చాలదా?
– డిగ్రీ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: మొదలుపెట్టడానికి బాగుంటుంది, ముగించడానికి చాలదు. స్కాలర్ పూర్తి వ్యాసం లోపలి మాటల్లో కూడా వెతుకుతుంది కాబట్టి సారాంశంలో లేని సంగతులు పట్టిస్తుంది. "సైటెడ్ బై" నొక్కితే ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో తెలుస్తుంది. ఇది చాలా విలువైనది. కానీ అందులో పీర్ రివ్యూ అయిన వ్యాసం, థీసిస్, ఎవరో అప్‌లోడ్ చేసిన నివేదిక అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఎన్ని లక్షల ఫలితాలని చూపించినా వెయ్యి దాటి చూడనివ్వదు. ఆరోగ్య విషయాల్లో పబ్‌మెడ్‌నే ప్రధానంగా పెట్టుకుని స్కాలర్‌ని తోడుగా వాడండి. మీ కాలేజీకి సబ్‌స్క్రిప్షన్ ఉంటే స్కాలర్ సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్‌కి వెళ్ళి కాలేజీ పేరు చేర్చుకోండి. అయిదు లైబ్రరీల దాకా చేర్చుకోవచ్చు.

ప్రశ్న: రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, పదకొండేళ్ళుగా షుగరుంది. కొర్రలు తింటే మందులు మానేయొచ్చని వాట్సాప్‌లో రోజూ వస్తోంది. దీని మీద నిజంగా పరిశోధన ఉందా? నేను ఏ కాలేజీలోనూ లేను, నాకెలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కాచిగూడ

జవాబు: మాస్టారూ, మందుల సంగతి ముందు. డాక్టరుగారిని అడగకుండా మాత్ర మానకండి, తగ్గించకండి. చిరుధాన్యాలకి మారినా ఆ మాట డాక్టరుగారికి చెప్పండి, షుగర్ మరీ తగ్గకుండా మోతాదు చూసుకోవాల్సిన అవసరం రావచ్చు.

ఇక పరిశోధన. "కొర్రలు", "సిరిధాన్యాలు" అని కొడితే పబ్‌మెడ్‌లో ఏమీ రాదు. ఇంగ్లిషు పేరూ, శాస్త్రీయనామమూ రెండూ ఇవ్వాలి. కొర్రలకి ఫాక్స్‌టెయిల్ మిల్లెట్, సెటారియా ఇటాలికా. రాగులకి ఫింగర్ మిల్లెట్, ఎల్యూసిన్ కొరకానా. సజ్జలకి పెర్ల్ మిల్లెట్, సామలకి లిటిల్ మిల్లెట్, అరికెలకి కోడో మిల్లెట్, ఊదలకి బార్న్‌యార్డ్ మిల్లెట్. వీటికి "టైప్ 2 డయాబెటిస్" అన్న మాట ఆండ్‌తో చేర్చండి. "హ్యూమన్స్" ఫిల్టర్ పెట్టండి, లేకపోతే ఎలుకల మీద చేసినవీ, మొక్కల జన్యువుల మీద చేసినవీ వచ్చి పడతాయి. ఆ ఫిల్టర్ కూడా మెష్ ముద్రల మీదే ఆధారపడుతుంది కాబట్టి కొత్త వ్యాసాలు కొన్ని తప్పిపోవచ్చు, అది మనసులో పెట్టుకోండి.

పరిశోధన ఉంది, మన ఊరి నుంచే ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కూడా కలిసి, చిరుధాన్యాలూ షుగరూ మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి 2021లో ఒక సమీక్ష ప్రచురించారు. ఫ్రంటియర్స్ ఇన్ న్యూట్రిషన్ అనే జర్నల్లో ఉంది, పూర్తిగా ఉచితం. చిరుధాన్యాలు తిన్నవాళ్ళలో రక్తంలో చక్కెర తగ్గిందని అందులో ఉంది. మందులు మానేయొచ్చని లేదు. వాట్సాప్ మాటకీ, వ్యాసం మాటకీ మధ్య ఉన్న దూరం అంతా ఇక్కడే ఉంది.

వ్యాసం చదివేటప్పుడు సారాంశం దగ్గర ఆగకుండా "మెథడ్స్" అన్న భాగానికి వెళ్ళండి. అక్కడ చూడాల్సినవి కొన్నే. ఎంతమంది మీద చేశారు? ఇరవైమంది మీద చేసినదాన్ని పట్టుకుని అందరికీ వర్తింపజేయలేం. దేనితో పోల్చారు? తెల్ల బియ్యంతో పోల్చి తగ్గిందంటే సంగతి వేరు, ముడిబియ్యంతో పోల్చి తగ్గిందంటే సంగతి వేరు. ధాన్యాన్ని ఎలా వండారు? పిండి పట్టించి జావ కాస్తే ఒకలా, అన్నంలా వండితే ఒకలా పనిచేస్తుంది. ఎన్నాళ్ళు చేశారు? హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల చక్కెర సగటుని చూపిస్తుంది. నాలుగు వారాల అధ్యయనం ఆ పరీక్షలో మార్పు వచ్చిందని చెబితే, పూర్తి ప్రభావం అందులో ఇంకా కనబడలేదనే అనుకోవాలి. చివర్లో డబ్బు ఎవరిచ్చారో, ఎవరికైనా వ్యాపార ప్రయోజనం ఉందో రాస్తారు, అదీ చదవండి.

ఇంగ్లిషు శాస్త్రభాష కష్టమనిపిస్తే, వైద్య పరిశోధనల మీద సమీక్షలు ఒకచోట పెట్టిన కాక్రేన్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో మీ విషయం వెతకండి. అక్కడి ప్రతి సమీక్షకీ మామూలు మాటల్లో ఒక సారాంశం ఉంటుంది, అది ఎవరికైనా ఉచితం. మీ మనవలో, మనవరాళ్ళో కాలేజీలో చదువుతుంటే పూర్తి వ్యాసం వాళ్ళ లైబ్రరీ ద్వారా తెప్పించమనండి. పూర్తి పేరు, డీఓఐ రాసివ్వండి చాలు.

ప్రశ్న: "మీ వ్యాసం మూడు రోజుల్లో అంతర్జాతీయ జర్నల్లో వేస్తాం, ఇంత ఫీజు" అని మెయిళ్ళు వస్తున్నాయి. అలాంటి జర్నళ్ళలోని వ్యాసాలు ప్రాజెక్టులో వాడొచ్చా?
– ఫార్మ్‌డీ విద్యార్థి, ఘట్‌కేసర్

జవాబు: వాడొద్దు, పంపొద్దు. నిజమైన పీర్ రివ్యూ మూడు రోజుల్లో అవదు. ఇద్దరు ముగ్గురు నిపుణులు చదవాలి, అభ్యంతరాలు రాయాలి, మీరు సరిదిద్దాలి. వారాలూ, నెలలూ పడుతుంది. ఫీజు తీసుకోవడం ఒక్కటే తప్పని కాదు. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళు (అందరినీ ఉచితంగా చదవనిచ్చేవి) కూడా తీసుకుంటాయి. డబ్బు తీసుకుని పరిశీలన ఎగ్గొట్టడం తప్పు.

అనుమానం వస్తే మూడు చోట్ల చూడండి. డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళ జాబితాలో ఉందా? అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో ఆ జర్నల్ పేరు దగ్గర "కరెంట్లీ ఇండెక్స్‌డ్ ఫర్ మెడ్‌లైన్" అని ఉందా? సంపాదకవర్గంలో పేర్లున్నవాళ్ళ సొంత యూనివర్సిటీ పేజీల్లో ఈ జర్నల్ ప్రస్తావన ఉందా? "పబ్‌మెడ్‌లో ఉంది" అన్న మాటతో తృప్తిపడొద్దు. కొన్ని విడి వ్యాసాలు పీఎంసీ ద్వారా పబ్‌మెడ్‌లోకి వస్తాయి, అంతమాత్రాన జర్నల్ మొత్తాన్ని మెడ్‌లైన్ ఎంచుకున్నట్టు కాదు. అసలైన జర్నల్ పేరుకి ఒక్క మాట చేర్చి నకిలీవి పెడుతుంటారు, కాబట్టి పేరుతోపాటు ఎనిమిది అంకెల ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు కూడా సరిపోల్చండి.

ప్రశ్న: అయిదేళ్ళ లోపు వ్యాసాలే వాడాలంటారు. నిజమేనా?
– ఎమ్మెస్సీ నర్సింగ్, సికింద్రాబాద్

జవాబు: చికిత్స విషయంలో ఇది మంచి అలవాటే, కానీ గుడ్డిగా పాటించే నియమం కాదు. ఒక పద్ధతిని మొట్టమొదట వివరించిన వ్యాసం పాతదైనా దాన్నే ప్రస్తావించాలి. అంతకన్నా ముఖ్యం, వ్యాసం ఇంకా నిలబడి ఉందా లేదా చూడడం. పిల్లలకి తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని ఆ జర్నలే 2010లో రద్దు చేసింది. అయినా ఆ వ్యాసం ఇప్పటికీ కనిపిస్తుంది. పబ్‌మెడ్‌లో అలాంటివాటి పైన "రిట్రాక్టెడ్ ఆర్టికల్" అని స్పష్టంగా ఉంటుంది. ఎవరో పంపిన పీడీఎఫ్‌లో ఆ మాట ఉండకపోవచ్చు. అందుకే పీడీఎఫ్ ఎక్కణ్ణుంచి వచ్చినా ఒకసారి పబ్‌మెడ్‌లో శీర్షిక కొట్టి చూడండి.

ప్రశ్న: నిన్న ఏరుకున్న ముప్పై వ్యాసాలు ఇవాళ పబ్‌మెడ్‌లో మాయమయ్యాయి! మళ్ళీ వెతకాలా?
– జీఎన్‌ఎమ్ విద్యార్థిని, ఉప్పల్

జవాబు: మీరు వాటిని "క్లిప్‌బోర్డ్"లో వేసుకుని ఉంటారు. అది ఎనిమిది గంటలు వాడకపోతే ఖాళీ అయిపోతుంది, 500కి మించి పట్టదు కూడా. ఈసారి నుంచి ఎన్‌సీబీఐ ఖాతా (పబ్‌మెడ్‌లో లాగిన్ అయ్యే ఖాతా పేరు ఇదే) తెరవండి, గూగుల్ లాగిన్‌తో అయిపోతుంది. వ్యాసాల్ని "కలెక్షన్స్"లో వేసుకుంటే అక్కడే ఉంటాయి. వెతికిన పదాల వరసని కూడా దాచుకుని "క్రియేట్ అలర్ట్" నొక్కితే, కొత్తగా వచ్చిన వ్యాసాల్ని వారానికో నెలకో మెయిల్ చేస్తుంది. ప్రాజెక్టు ఏడాది సాగేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది.

కంప్యూటర్లో జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఇంకా మంచిది. వ్యాసం పేజీ తెరిచి ఒక్క నొక్కుతో వివరాలన్నీ దాచుకుంటుంది. వర్డ్‌లో రాసేటప్పుడు, వాడిన వ్యాసాలకి వరస నంబర్లిచ్చే వాంకూవర్ పద్ధతిలో నంబర్లు తనే వేస్తుంది. మధ్యలో ఒక వ్యాసం చేర్చినా, తీసినా నంబర్లన్నీ తనే సర్దుకుంటుంది. ఒక జాగ్రత్త: దాచుకున్న వెంటనే రచయితల పేర్లు, సంవత్సరం, పేజీలు సరిగా వచ్చాయో లేదో చూడండి. మన పేర్లలో ఇంటిపేరేదో, సొంతపేరేదో సాఫ్ట్‌వేర్‌కి తెలియక తారుమారు చేస్తుంటుంది. అక్కడ తప్పు ఉంటే చివరి పట్టికలోనూ అదే తప్పు వస్తుంది. నిన్నటి ముప్పైటికి "హిస్టరీ"లో మీరు వెతికిన పదాలు ఇంకా ఉన్నాయేమో ముందు చూడండి. అదీ ఎనిమిది గంటల తర్వాత పోతుంది గానీ, మధ్యలో మళ్ళీ వాడి ఉంటే మిగిలి ఉండొచ్చు.